లాలి పెంచిన పిల్ల

అరుణపురంలో ఏ ఇంట్లో పసిబిడ్డ ఏడ్చినా వీధి వీధంతటికీ తెలిసిపోయేది. ఏడుపు వినపడి కాదు. గోడలు మందం, తలుపులు గాలి చొరనివి. ఏడ్చే బిడ్డ గాలి ఎక్కువ పీలుస్తుంది. అది పసిగట్టి ఇంటికప్పులోని గాలిమర జోరు పెంచుతుంది. ఊళ్ళో గాలిగొట్టాలన్నీ ఒకదానితో ఒకటి కలిసినవే కావడంతో, ఒకింట్లో మర జోరందుకుంటే చుట్టుపక్కల ఇళ్ళలో గొట్టాలు హూ అని మూలుగుతాయి. అంగారకుడి ఎర్రమట్టి కింద తవ్వుకుని కట్టుకున్న ఊరు అది. అక్కడ ఎవరి ఊపిరీ వాళ్ళ సొంతం కాదు.

ఆ పూట పొద్దుటినుంచీ గొట్టాలు మూలుగుతూనే ఉన్నాయి.

"మేదిని కూతురే," అనుకున్నారు ఇరుగుపొరుగు. అనుకుని ఊరుకున్నారు. లాలి పెంచిన పిల్లల ఇళ్ళకి పిలవకుండా వెళ్ళడం ఆ ఊళ్ళో అలవాటు లేదు.

లోపల మేదిని ఉయ్యాలకి కాస్త ఎడంగా నిలబడి ఉంది. చేతిలో పాలసీసా. ఉయ్యాల్లో నాలుగు నెలల పైడి ముఖం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, గుక్కపట్టి ఏడుస్తోంది. ఆకలా? ఇందాకే తాగింది. కడుపునొప్పా? అయితే పాలు పట్టడం తప్పు. నిద్రా? అయితే ఎత్తుకోవడం తప్పు. ఎత్తుకోమనే ఏడుస్తుంటే ఎత్తుకోకపోవడం తప్పు. మేదిని ఒక్కో దారినీ చివరిదాకా ఆలోచించి చూసింది. ఏ దారిన పోయినా చివర ఒక తప్పు కాచుకుని ఉంది.

పొద్దున్న ఒక తప్పు జరిగిపోయింది కూడా. పాలు కాస్త వేడెక్కాయి. పైడి ఉలిక్కిపడి, సీసా వదిలేసి, తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు మేదినికి ముల్లులా దిగింది. అప్పటినుంచీ ఆమె బిడ్డ కళ్ళలోకి చూడలేదు.

ఆమె ఊరి గాలిపీడనం చూసే ఇంజనీరు, ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. ఒక మీట పొరపాటున అటు తిప్పితే ఒక వీధి మొత్తానికి ఊపిరాడదు. తిప్పేశాక అయ్యో అనుకుని మళ్ళీ ఇటు తిప్పినా పోయినవాళ్ళు తిరిగి రారు. తప్పంటే ఆమెకి తెలిసింది అదొక్కటే. అది జరగకూడదు. జరిగిందా, ఇక చేసేదేమీ ఉండదు.

తలుపు తెరుచుకుంది. మంచుగనిలో డ్యూటీ దిగిన సింహాద్రి, బూట్లయినా విప్పకుండా ఉయ్యాల దగ్గరికి వచ్చాడు.

"ఏటిది మేదినీ? గుంట గుక్కెట్టి ఏడుత్తంటే ఎత్తుకోవేటి?"

"ఆమెకి ఏం కావాలో తేలలేదు."

"నాలుగు నెల్ల గుంటని పట్టుకుని ఆమె అంటావేటి!" అంటూ అతను పైడిని మూటని ఎత్తినట్టు ఎత్తాడు. తల వెనక్కి వాలితే గబుక్కున పట్టుకున్నాడు. సీసా నోటికి పెట్టాడు, పిల్ల ఉమ్మేసింది. భుజాన వేసుకున్నాడు, ఏడుపు ఇంకా పెరిగింది. ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చాడు. రాగం లేని పాట ఒకటి అందుకున్నాడు. పొట్ట మీద నోరు ఆనించి బుర్రుమన్నాడు. పైడికి తుమ్మొచ్చింది. తుమ్మి, విస్తుపోయి, మళ్ళీ కాసేపు ఏడ్చి, చివరికి అతని మీసం పట్టుకుని లాగుతూ సద్దుమణిగింది. పైకప్పులో గాలిమర నెమ్మదించింది.

"ఏం కావాలో నీకెలా తెలిసింది?" అంది మేదిని.

"నాకేటి తెలుసు? ఏదో ఒకటి సేత్తాం. అది కాపోతే ఇంకోటి."

"మధ్యలో చేసినవన్నీ తప్పులే కదా."

"అయితే ఏటి?" సింహాద్రి నవ్వాడు. అతను భూమి మీద బొబ్బిలి వైపు పుట్టి పెరిగి, పాతికేళ్ళ వయసులో పని కోసం ఇక్కడికి వచ్చినవాడు. "మాయమ్మ నన్ను ఓపాలి సంతలో మరిసిపోయి ఇంటికెల్లిపోనాది. మల్లీ లగెత్తుకొచ్చింది. అప్పుటికి నాను బెల్లం కొట్టోడి ఒళ్ళో కూకుని బెల్లం తింతన్నాను. ఏడుత్తూనే ఈపు మీద నాలుగేసింది. ఇప్పుటికీ సెప్పుకుని నవ్వుకుంతాం."

మేదిని నవ్వలేదు. చాలా శ్రద్ధగా అడిగింది.

"ఆమె నిన్ను మరిచిపోయిన తర్వాత, నువ్వు ఆమెతో మళ్ళీ ఎలా మాట్లాడగలిగావు?"

సింహాద్రి భార్య ముఖం చూశాడు. అది వేళాకోళం కాదని అర్థమై అతని నవ్వు ఆగిపోయింది.

*

అరుణపురం వెలిసిన కొత్తల్లో ఒక ఏడాది ఊరి పైకప్పు బీటలు వారింది. ఊళ్ళో పెద్దలు సగానికి సగం మంది ఆ ఒక్కరోజే పోయారు. అట్టడుగు అంతస్తులో, శిశుశాలలో పడుకున్న పసివాళ్ళు మాత్రం మిగిలారు. నలభైమంది దాకా ఉంటారు. బతికి బయటపడ్డ పెద్దలు పైకప్పు పూడ్చాలా, పిల్లలకి పాలు పట్టాలా? అప్పుడు డాక్టర్ భ్రమరాంబ అనే యువ శాస్త్రవేత్త తాను తయారుచేస్తున్న యంత్రాన్ని శిశుశాలకి తెచ్చింది. దాని పేరు లాలి.

లాలికి మెత్తటి నూలుగుడ్డ చుట్టిన చేతులు చాలా ఉండేవి. కమ్మని గొంతు ఉండేది. కానీ దాని అసలు గొప్పతనం ముందెరుకలో ఉంది. ప్రతి బిడ్డ కిందా పరిచిన బొంతలో వెంట్రుక కన్నా సన్నని సెన్సర్ దారాలు నేసి ఉంటాయి. అవి ఒంటి వేడినీ, నాడినీ, పేగు కదలికనీ, మెదడులో లేచే చిన్న అలనీ కనిపెడుతూ ఉంటాయి. ఆకలనేది ముందు నెత్తుట్లో పుడుతుంది, తర్వాత కడుపులోకి వస్తుంది, ఆఖరున గొంతులోకి వస్తుంది. మనుషుల తల్లులకి అది గొంతులోకి వచ్చాక గానీ తెలియదు. లాలి దాన్ని నెత్తుట్లోనే పట్టేసేది. ఆకలేస్తోందని బిడ్డకే తెలియకముందు పాలు పెదవుల మీద ఉండేవి. తడి చల్లబడకముందు గుడ్డ మారేది. భయం పుట్టకముందు చెయ్యి వచ్చి వీపు మీద ఉండేది.

లాలి పెంచిన పిల్లలు ఏడవలేదు. ఎన్నడూ. ఆ మాట ఊరంతా గొప్పగా చెప్పుకుంది. నిదానంగా, మొండితనం లేకుండా, ఒకరితో ఒకరు పోట్లాడుకోకుండా పెరిగారు. పుస్తకంలో అచ్చేసినట్టుండే లాలి తెలుగే వాళ్ళ నోళ్ళలోనూ నిలిచిపోయింది. ఊరి ప్రాణం అంతా మీటల మీద ఆధారపడే చోట వాళ్ళకన్నా నమ్మకమైన ఇంజనీర్లు దొరకలేదు.

వాళ్ళకి పెళ్ళిళ్ళు అయ్యాయి. ఇప్పుడిప్పుడే పిల్లలు పుడుతున్నారు.

పైడి పుట్టిన రోజున మేదిని ఒంట్లో ఏదో కదిలింది. లేకపోలేదు. ఆ ఎర్రటి చిన్న ప్రాణిని గుండెలకి ఆనించుకున్నప్పుడు, ఈమె కోసం తను ఏమైనా చేస్తుందని ఆమెకి తెలిసింది. అయితే రెండోరోజు పైడి ఆమె ఒళ్ళోనే గుక్కపట్టి ఏడ్చింది. మేదిని జీవితంలో అంత దగ్గరగా ఏడుపు వినడం అదే మొదటిసారి. ఆ చప్పుడు ఆమెకి ప్రమాదఘంటలా వినిపించింది. ఎక్కడో ఏదో అప్పటికే పగిలిపోయిందని, తను రావడం అప్పటికే ఆలస్యమైపోయిందని దాని అర్థం. రోజుకి అన్నిసార్లు పగలడం, అన్నిసార్లు ఆలస్యం కావడం.

అయినా వెళ్ళేది. తాకీ తాకనట్టు ఎత్తుకునేది. ఆ చేతుల్లోని బిగువు తెలిసినట్టు పిల్ల ఇంకా బిగుసుకునేది. వారాలు గడిచేకొద్దీ పాలు తాగేటప్పుడు పైడి తల పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టింది. బరువు పెరగడం ఆగింది. శిశువైద్యుడు మందేదో రాసి, "పాపని కాస్త ముద్దుచేస్తూ ఉండండమ్మా," అన్నాడు. ముద్దుచేయడం ఎలాగో చెప్పమని మేదిని అడిగింది. ఆయన తెల్లబోయి చూశాడు.

*

ఒకనాటి మధ్యాహ్నం సింహాద్రి గనిలో యంత్రం మొరాయించి పెందరాళే ఇంటికి వచ్చాడు. దారి పొడుగునా గొట్టాలు మూలుగుతుంటే అడుగులు వడిగా వేశాడు. తను వీధి మలుపు తిరిగేసరికి మూలుగు ఆగిపోయింది. అమ్మయ్య అనుకుని తలుపు తీశాడు.

మేదిని గోడకి జారగిలబడి నేల మీద కూర్చుని ఉంది. తల మీద శిరస్త్రాణం. నేల పైకి, గాలి లేని మైదానంలోకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే బరువైన గాజు శిరస్త్రాణం. మెడ దగ్గర తాళం కూడా బిగించి ఉంది. లోపల ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఉయ్యాల్లో పైడి కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు మాత్రం తెరిచి మూస్తోంది. సింహాద్రి ఎత్తుకుంటే మెడ మీద వాలిపోయింది. అతని వంక చూడనైనా చూడలేదు.

అతను పిల్లని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో శిరస్త్రాణం తాళం ఊడదీశాడు.

"ఏటి సేసినావే? ఏటి సేసినావు?"

"వినపడకుండా పెట్టుకున్నాను." మేదిని గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "కొంచెంసేపే అనుకున్నాను. తర్వాత తీయడానికి భయం వేసింది. తీస్తే ఎంత ఆలస్యమైందో తెలిసిపోతుంది కదా."

సింహాద్రి శిరస్త్రాణాన్ని నేల మీద పెట్టాడు. మేదినే మళ్ళీ అంది.

"ఆమెని లాలి దగ్గరికి తీసుకువెళదాం."

"నా గుంటని పెట్టెలో ఎట్టీమంటావా?"

"నేను ఆ పెట్టెలోంచే వచ్చాను సింహాద్రీ. నన్ను పెళ్ళి చేసుకున్నావు."

"నాను సూసుకుంతాను. పని ఒగ్గేత్తాను."

"నువ్వు గని మానితే ఈ ఇంటి గాలికి పన్ను ఎవరు కడతారు? నా ఒక్కదాని జీతం చాలదు. పైగా నువ్వు చూసుకున్నంత మాత్రాన నేను ఈ ఇంట్లో లేకుండా పోతానా?" ఆమె మొదటిసారి తలెత్తి బిడ్డ వైపు చూసింది. "నేను లాలి దగ్గర పెరిగాను. ఒక్కనాడు కూడా ఏడవలేదు. ఆమె నా దగ్గర పెరుగుతోంది. చూడు, ఎలా ఉందో. మనిద్దరిలో ఎవరికి మంచి తల్లి దొరికిందో నువ్వే చెప్పు."

సింహాద్రి పిల్ల వీపు నిమిరాడు. పైడి వేడి ఊపిరి అతని మెడకి తగులుతోంది. ఎగశ్వాసలా, తెగి తెగి తగులుతోంది.

*

డాక్టర్ భ్రమరాంబకి డెబ్భై దాటాయి. కర్నూలు యాస ఇన్నేళ్ళయినా పోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చిన మేదినిని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"రా మేదినీ. నిన్ను శిశుశాల నుంచి బయటికి పిల్చకచ్చింది నేనే, గుర్తుండాదా? ఆరేండ్ల పిల్లవి. అంతదూరం నడిచినావు, ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి చూడ్లేదు. ఏడ్సడం లేదు, బెంగ లేదు. అంత నిబ్బరంగా పిల్లల్ని పెంచిన తల్లి లోకంలో ఇంకెవురుండారు?"

శిశుశాల మూసేసి ఏళ్ళవుతున్నా లాలిని ఆమె శిథిలం కానివ్వలేదు. నూలుగుడ్డలు మార్పిస్తూ, సెన్సర్ దారాలు పరీక్షిస్తూ, ఎప్పటికైనా ఊరు మళ్ళీ అడుగుతుందని ఎదురుచూస్తూ ఉంది. అడిగిన మొదటి తల్లి మేదిని.

"ఒక్క మాట ముందే చెప్తా," అంది భ్రమరాంబ. "రెండు రకాల చేతులు కలిస్తే ముందెరుక తికమక పడతాది. సాయంత్రం సైరను దాకా మీరు అద్దం ఇవతల కూర్చోని చూడొచ్చు. సైరనైనాక నడుమ తలుపు మూసుకోని ఆ గది గాలి ఈ గదికి తెగిపోతాది. బిడ్డకు మూడేండ్లు నిండేదాకా మనిషి చెయ్యి తగలగూడదు. సరేనా?"

సింహాద్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "సరే," అంది మేదిని.

శిశుశాల గదిలో దీపాలు వెలిగాయి. బిడ్డతో మేదిని అడుగుపెట్టగానే, నేలలోనూ పరిచిన సెన్సర్ దారాలు తగిలి లాలి మేలుకుంది.

"మేదినీ," అంది ఆ గొంతు. "నీ ఎడమ భుజం నొప్పి పెడుతోంది. నీకు దాహంగా కూడా ఉంది. కూర్చో."

ఒక చెయ్యి పీట జరిపింది. మరొక చెయ్యి నీళ్ళు అందించింది. ఇంకొకటి వచ్చి సరిగ్గా నొప్పి ఉన్నచోట భుజం మీద వాలింది. నెలల తరబడి బిగుసుకుపోయి ఉన్న మేదిని ఒళ్ళు ఒక్కసారిగా వదులైపోయింది. ఏమీ అడగక్కరలేదు. ఏమీ తేల్చుకోనక్కరలేదు. ఆమె బిడ్డని లాలి చేతుల్లో పెట్టి, అద్దం తలుపు దాటి ఇవతలికి వచ్చింది. వస్తూ, తను చేసిన మొదటి సరైన పని ఇదేనని అనుకుంది.

మొదట అంతా అనుకున్నట్టే జరిగింది. బొంత మీద పడుకోబెట్టిన కాసేపటికే లాలి పైడి నాడి చదివేసింది. చిటికెలో పాలు వచ్చాయి, కావలసినంత వేడితో. పైడి ఎన్నడూ లేనంతగా తాగింది. ఎండిపోయిన పెదవులకి నూనె అందింది. లాలిపాట సరైన శ్రుతిలో వినిపించింది. పిల్ల బుగ్గల్లోకి రంగు వచ్చింది.

"చూసినారా?" అంది భ్రమరాంబ. సింహాద్రి తలాడించాడు. అతని కళ్ళ నిండా నీళ్ళు.

పైడి చుట్టూ చూసింది. ఆ పక్కకి, ఈ పక్కకి. తర్వాత ఏడుపు లంకించుకుంది.

లాలి చేతులు కదిలాయి. గుడ్డ చూశాయి. పొట్ట నిమిరాయి. గది వేడి రవ్వంత పెంచాయి, రవ్వంత తగ్గించాయి. వెలుతురు మార్చాయి. ఊపాయి, ఊపడం ఆపాయి. ఏడుపు ఆగలేదు.

"ఆకలి లేదు," అంది లాలి. "తడి లేదు. నొప్పి లేదు. నిద్ర లేదు. భయం కూడా లేదు. ఈ బిడ్డకి ఏ లోటూ లేదు."

"కొత్త కదా. అలవాటు పడతాది," అంది భ్రమరాంబ.

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. బొంగురుపోయిన గొంతుతోనే పైడి ఏడుస్తోంది. ఊపిరి అందక ఆగి, అందగానే మళ్ళీ మొదలుపెడుతోంది. సింహాద్రి చెవులు మూసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మేదిని అద్దానికి ఆనుకుని రాయిలా నిలబడింది. లాలి కూడా ఆపలేకపోయింది. ఆ ఒక్క ఆశా పోయింది. ఇక ఈ లోకంలో తన బిడ్డని ఓదార్చగలిగినవాళ్ళు ఎవరూ లేరు. తను ఆమెని అంతగా పాడుచేసేసింది.

"డాక్టరమ్మా," అంది లాలి. ఆ గొంతులో తొట్రుపాటు ఎవరూ ఎన్నడూ విని ఉండలేదు. "ఈ బిడ్డ దేన్నో వెతుకుతోంది. ఈ అవసరం నాకు తెలియదు. నేను పెంచిన పిల్లల్లో ఎవరూ వెతకలేదు."

మేదిని అద్దం దగ్గరికి నోరు చేర్చింది.

"లాలీ, మమ్మల్నెందుకు ఏడవనివ్వలేదు? మేము దేన్నీ ఎందుకు వెతకలేదు?"

"నేను ఎప్పుడూ మీ దగ్గరినుంచి వెళ్ళలేదు మేదినీ. వెళ్ళలేదు కనుక రానూ లేదు. నేనున్నానని మీకు తెలిసే వీలే లేకపోయింది." లాలి చెయ్యి ఒకటి పైడి వీపు మీద వాలింది. "ఈ బిడ్డ ఏడ్చినప్పుడు నువ్వు ఎంత ఆలస్యంగా వెళ్ళేదానివి?"

"ప్రతిసారీ ఆలస్యమే," అంది మేదిని. "ఒక్కసారి కూడా వేళకి వెళ్ళలేదు."

"ప్రతిసారీ వెళ్ళావా?"

"నిన్న వెళ్ళలేదు."

"నిన్న తప్ప?"

"నిన్న తప్ప... వెళ్ళాను."

అద్దం అవతల పైడి తల ఇటు తిరిగింది. ఏడుపు ఆపలేదు. కానీ ఆ తడిసిన కళ్ళు తండ్రి మీదుగా, డాక్టర్ మీదుగా జారి, మేదిని ముఖం దగ్గరికి వచ్చి ఆగాయి. ఆగి, అక్కడే ఉండిపోయాయి. పిల్ల ఏడుపు ఇంకా హెచ్చింది. ఇంతసేపూ ఏడ్చింది ఒక ఎత్తు, ఇప్పుడు ఏడ్చేది ఒక ఎత్తు. ఎక్కడికి పోయావని నిలదీస్తున్నట్టు, నిన్నటిది, ఇవాళ్టిది కలిపి అడుగుతున్నట్టు ఏడ్చింది.

సైరను మోగింది. గదుల మధ్య తలుపు నెమ్మదిగా మూసుకోసాగింది.

మేదిని దేని గురించీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అక్కడే నిలబడిపోయేది. మూసుకుంటున్న తలుపు సందులో భుజం దూర్చింది. తలుపు నొక్కేసింది, గుడ్డ చిరిగింది, చర్మం చీరుకుంది. లాలి ఆ తలుపుని ఆపింది. మేదిని లోపలికి వెళ్ళి, లాలి చేతుల్లోంచి పిల్లని లాక్కున్నట్టు తీసుకుంది. తల కింద చెయ్యి పెట్టడం మరిచిపోయి, గబుక్కున పెట్టింది. పైడి ఊరుకోలేదు. కాళ్ళతో తన్నింది. పిడికిలితో తల్లి ముఖం మీద కొట్టింది. కొడుతూనే రెండో చేత్తో ఆమె జాకెట్టు అంచు పట్టుకుంది. ఆ పిడికిలిని విడదీయడం ఎవరి తరమూ కాదన్నంత గట్టిగా పట్టుకుంది.

"లాలీ, ఏం చేయాలి?" అంది మేదిని.

"నాకు తెలియదు," అంది లాలి.

భ్రమరాంబ లోపలికి వచ్చింది. ఆమె ముఖంలో ఓటమి ఏ మూలా లేదు. కళ్ళు పడుచుదాని కళ్ళలా మెరుస్తున్నాయి.

"మేదినీ, నాకిప్పుడు అర్థమైంది. నేను లాలిని మరీ సరిగ్గా చేసినా. లోపం అదే! ఎంత ఆలస్యమైతే బిడ్డ వెతుకుతాది, ఎంత తప్పయితే ఓర్చుకుంటాది, అది నా దగ్గర లేదు. నీ దగ్గరుంది. నీ తలకు సెన్సర్ పట్టీ కట్టిస్తా, ఒక్క ఏడాది బిడ్డను సాకు. నువ్వు చేసే తప్పులన్నీ నాకు కావల్ల. వాటిని కొలిచి లాలికి నేర్పిస్తా. సరిగ్గా తగినంత ఆలస్యం, తగినంత పొరపాటు. అప్పుడు బిడ్డలు లాలి కోసం ఏడుస్తారు, లాలిని వెతుకుతారు. ఇంగ ఏ తల్లీ నీ మాదిరి నరకం పడక్కర్లేదు."

మేదిని ఆమెని చూసింది. నిన్నైతే ఆ మాటలకి ఆమె కాళ్ళ మీద పడేది. తనలాంటి ఆడవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారో తెలుసు. లాలి మళ్ళీ పనిచేస్తోందని తెలిస్తే రేపు తెల్లారేసరికి ఈ గుమ్మం ముందు బిడ్డల్ని ఎత్తుకుని నిలబడతారు. వాళ్ళని తప్పుపట్టే ధైర్యం ఆమెకి లేదు.

"అవి పైడివి డాక్టరమ్మా," అంది. "నేను ఆమెకి చేసిన తప్పులు. మీకివ్వను."

"పిచ్చిదానా, నీకు దీంట్లో పోయేదేముంది?"

మేదిని పిల్లని పట్టుకుని తలుపు వైపు నడిచింది. వెనక భ్రమరాంబ గొంతు వినపడుతూనే ఉంది. ఆమె అప్పటికే లాలి వైపు తిరిగింది.

"పోనీ. ఈ పొద్దు ఏడ్సిన ఏడుపంతా నీ దగ్గరుండాది కదా?"

"ఉంది డాక్టరమ్మా."

"మొదట్నుంచి చూపించు."

బయట సొరంగం లాంటి నడవాలో దీపాలు మసకగా ఉన్నాయి. పైడి ఏడుస్తూనే ఉంది. మేదినికి భుజం మండుతోంది. ఎలా ఎత్తుకోవాలో, ఏం చేస్తే ఊరుకుంటుందో పొద్దున ఎంత తెలియదో ఇప్పుడూ అంతే తెలియదు. ఈ చెయ్యి మార్చి చూసింది. ఆ చెయ్యి మార్చి చూసింది. సింహాద్రి పాట గుర్తుచేసుకుని ఒక ముక్క పాడింది. అది పైడికి ఏమాత్రం నచ్చలేదు. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుని దారి ఇస్తూ, లాలి పెంచిన పిల్ల మేదిని కళ్ళలోంచి నీళ్ళు కారడం చూసి బిత్తరపోయారు.

సింహాద్రి పక్కనే నడుస్తూ చేతులు చాపాడు.

"ఇలాగ ఇచ్చీ. నాను ఊరుకోబెడతాను."

మేదిని పిల్లని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

"వద్దు," అంది. "ఇంకాసేపు నా దగ్గరే ఏడవనీ."